వరికంకి జడ

నాకు ముక్కు మీద కోపం. నోరు కూడా పెద్దదే. పూలపని నేర్పేటప్పుడు ఆ రెండింట్లో దేన్నీ దాచుకోలేదు. "ఇది జడా అమ్మాయ్, ధాన్యం బస్తా మూతికి కట్టిన పురికొసా?" అని ఎంతమందిని అన్నానో లెక్కలేదు. వాళ్ళు పకపకా నవ్వి, కుట్టిందంతా విప్పి మళ్ళీ కుట్టేవాళ్ళు. ఇంత నోరున్న దాన్ని, తెరిచి నిజం చెప్పాల్సిన ఒక్క చోట అబద్ధం చెప్పాను. మంచికే చెప్పాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎనభైల్లో మా ఇల్లు తెనాలిలో, అంగలకుదురు పోయే దారిలో ఉండేది. మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. మాది లూథరన్ కుటుంబం. క్రిస్మస్‌కి చర్చిలో బల్ల మీద చేమంతులు అమర్చడంతో మొదలైన నా పని పెళ్ళిమండపాల దాకా, పెళ్ళికూతుళ్ళ జడల దాకా పాకింది. ఆ తర్వాత నేర్పమని అడిగేవాళ్ళు వచ్చారు. వారంలో ఒక రోజు రైలెక్కి రేపల్లె, ఇంకో రోజు బాపట్ల వెళ్ళేదాన్ని. రేపల్లెలో ఒక కుట్టు స్కూలు వాళ్ళు మధ్యాహ్నం పూట తమ హాలు ఇచ్చేవారు. మిషన్లు గోడవారకి జరిపి చాపలు పరుచుకునేవాళ్ళం.

పూలపని అంటే కాలంతో పని. వానలు పడ్డాక సన్నజాజులు, దసరాకి బంతి తోరణాలు, చలికాలంలో చేమంతులు, డిసెంబరాలు. ఏ కాలానికి ఏ పువ్వు దొరికితే ఆ పువ్వుతోనే పాఠం. ఎండలు ముదిరేసరికి మల్లెమొగ్గలు దిగేవి, అందరూ ఎదురుచూసే పూలజడ పాఠం అప్పుడే. తీరా అవి మాకు శ్రమల దినాలు, ఈస్టరు ముందు వచ్చే నలభై ఉపవాసపు రోజులు. ఈస్టరు దాకా మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళుండవు, తలలో పువ్వు పెట్టుకోం. నా ఒళ్ళో బుట్టెడు మొగ్గలు, తలలో ఒక్కటి కూడా ఉండేది కాదు. పిల్లలు జాలిపడేవాళ్ళు. "ఒక్కటి పెట్టుకోండి టీచరుగారూ, దేవుడేమీ అనడు" అనేవాళ్ళు. "దేవుడనడే, మా అత్తగారంటుంది" అనేదాన్ని. ఈస్టరు పొద్దున్నే మూరెడు మల్లెలు తురుముకుంటే నా ఉపవాసం అయిపోయేది. బతుకంతా పువ్వు మానేసిన మనిషికి ఎలా ఉంటుందో నాకేం తెలుసు?

అలాంటి ఒకావిడ రేపల్లె క్లాసుకి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. రేపల్లె దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. పిల్ల చిన్నగా ఉండగానే భర్త పోయాడు. నుదుట బొట్టు లేదు, జుట్టు గట్టిగా ముడి. పిల్లకి మాత్రం మోకాళ్ళు దాటే జడ. బాపట్ల సంబంధం కుదిరింది, వైశాఖంలో పెళ్ళి. ఈలోగా ఏదో ఒక పని నేర్పిద్దామని తీసుకొచ్చింది. "నేను ఊరికే తోడొచ్చానండి" అని గుమ్మం పక్కన కూచుంది.

ఆ పిల్లకి సూది పట్టుకోవడమే రాదు. వేలు గుచ్చుకుని, అబ్బా అని, మొగ్గలన్నీ నలిపి పెట్టేది. ఒకరోజు విసుగొచ్చి తల్లి ఒళ్ళో పడేసింది. నేను అటూ ఇటూ తిరిగి వచ్చేసరికి అరటి దొప్ప మీద జానెడు జడ తయారైంది. మామూలుగా మొగ్గల్ని అడ్డవరసలుగా, అన్నీ కిందికి చూసేట్టు కుడతాం. ఆవిడ నడిమి నుంచి రెండు పక్కలకీ ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి ఒరిగేట్టు కుట్టింది. పండిన వరికంకి లాగా చివర సన్నగా ఒంపు తిరిగింది.

"ఇదెక్కడ నేర్చుకున్నారక్కా?" అన్నాను.

"నేర్చుకోవడమేంటండీ, ఏదో తోచింది" అని ఆవిడ గబుక్కున పక్కన పెట్టేసింది.

ఆ రోజు అందరూ వెళ్ళాక అసలు మాట చెప్పింది. "దీని పెళ్ళికి నా చేత్తో జడ కుట్టాలని ఎప్పటి నుంచో ఆశండి. దీని జడ రోజూ నేనే వేస్తాను. ఆ ఒక్క రోజు మాత్రం నా చెయ్యి పడకూడదంటారు."

"ఎవరంటారు? పువ్వుకి తెలుసా ఎవరి చెయ్యో?"

"పువ్వుకి తెలీదండి. మనుషులకి తెలుసు."

ఇంక నాకు పూనకం వచ్చింది. ఆ రోజు మొదలు, కనిపించినప్పుడల్లా ఆవిడ ప్రాణం తీశాను. ఏ కాలంలో ఉన్నారక్కా అన్నాను. కన్నతల్లి చెయ్యి కంటే మంచి చెయ్యి ఎవరిదన్నాను. నిజానికి నాకు పోయేదేముంది? నా ఇంటి పట్టింపులు వేరు, ఆవిడ ఇంటి పట్టింపులు వేరు. ఊరి వాళ్ళ మాటలు పడాల్సింది ఆవిడా, ఆవిడ కూతురూ. నేను సాయంత్రం బండెక్కి తెనాలి పోయేదాన్ని.

చివరికి ఒప్పుకుంది. కానీ షరతు పెట్టింది. వెనకగదిలో తలుపేసుకుని కుడుతుంది, పైకి మాత్రం నేను కుడుతున్నట్టే ఉండాలి. "తెలిస్తే పిల్లకి మాట వస్తుందండి. అత్తింట్లో ఏ చిన్నది జరిగినా, తల్లి చెయ్యి పడిందిగా అంటారు. దాని కాపురానికి నేను అడ్డం కాకూడదు."

"తెలిస్తే నేను చూసుకుంటా. నాకు నోరు లేదా?" అన్నాను.

పెళ్ళి సాయంత్రం. మొగ్గలు బాపట్ల ఇసక తోటల నుంచి మధ్యాహ్నం బస్సులో తాటాకు బుట్టల్లో వచ్చాయి. వెనకగదిలో ఆవిడా నేనూ. మొదటి మొగ్గ నన్ను గుచ్చమంది, ముత్తైదువ చెయ్యి అని. "నాకు బొట్టే లేదు, నేనేం ముత్తైదువనక్కా!" అని నవ్వుతూ గుచ్చాను. మిగతాదంతా ఆవిడే. నేను మొగ్గలు ఏరి ఇచ్చాను, మరువం కాడలు తుంచి ఇచ్చాను. ఆవిడ కుడుతూ ఏదో గొణుక్కుంటూనే ఉంది. పాటేమో అనుకున్నాను. వంగి వింటే, పిల్ల చల్లగా ఉండాలి, చల్లగా ఉండాలి అని. నేను విన్నాను, విని కూడా పట్టించుకోలేదు.

జడ తీసుకెళ్ళి పెళ్ళికూతురికి కట్టింది నేను. మొగ్గలు విచ్చుకునే వేళ. గదంతా గుప్పుమంది. అప్పుడే పెళ్ళికొడుకు తల్లి నలుగురు ఆడవాళ్ళతో లోపలికి వచ్చింది. పెద్ద బొట్టు, పెద్ద గొంతు, ఆవిణ్ణి చూస్తేనే, పెళ్ళికొచ్చిన మా క్లాసు పిల్లలు సర్దుకుని నిలబడ్డారు. కోడల్ని వెనక్కి తిప్పి, జడ చేత్తో ఎత్తి పట్టుకుని చూసింది.

"ఎవరు కుట్టారమ్మా ఇది?" అని అందరికీ వినబడేట్టు అడిగింది.

వెనకగది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆవిడ తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. వేళ్ళకి ఇంకా మరువం ఆకులు అంటుకుని ఉన్నాయి. నా వైపే చూస్తోంది. వద్దని తలూపిందా, చెప్పమని చూసిందా, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

"నేనేనండి" అన్నాను.

"నువ్వేనా?"

"అవునండి, నేనే."

పెద్దావిడ నన్ను ఒక్క క్షణం చూసింది. "మంచిదమ్మా" అని, తాంబూలం, జాకెట్టు ముక్క ఇప్పించింది. ఫోటో తీసే అతను అద్దం తెప్పించి, పెళ్ళికూతురి వెనక జడ కనబడేట్టు నిలబెట్టాడు. జడ కుట్టినావిడ కూడా రండి అన్నాడు. వెళ్ళి నిలబడ్డాను. సిగ్గు లేకుండా నవ్వాను కూడా.

అంతా అయ్యాక ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "బతికించారు టీచరుగారూ" అంది. నేను పొంగిపోయాను.

ఆ జడ ఊరంతా పాకింది. ఎండలు తగ్గలేదు, మల్లెలు ఇంకా వస్తూనే ఉన్నాయి. క్లాసులో ఒకటే గోల, మాకు వరికంకి జడ నేర్పండి టీచరుగారూ అని. ఏం చెయ్యను? నేర్పాను. ఇప్పుడు తోడుకి కూతురు లేదు కాబట్టి ఆవిడ ఒక్కతే వచ్చి అందరితోపాటు చాప మీద కూచుని నేర్చుకుంది. తన జడనే! నడిమి వరస దగ్గర నేను తడబడితే ఆవిడే ముందుగా కుట్టి, "ఇలాగేనా టీచరుగారూ?" అని నా వైపు తిప్పి పట్టుకునేది. అలాగేనమ్మా అనేదాన్ని అందరి ముందూ. ఇంటికొచ్చి అన్నం సహించేది కాదు. మా ఆయనతో చెబితే, "ఆవిడే దాచమందిగా, నీకెందుకు బాధ?" అన్నాడు. నిజమే కదా అని సరిపెట్టుకున్నాను.

దసరాకి ముందు ఒక మధ్యాహ్నం ఆవిడ తెనాలిలో మా ఇంటికొచ్చింది. నేను వరండాలో నందివెలుగు నుంచి వచ్చిన బంతిపూల రాశి ముందేసుకుని తోరణాలు కడుతున్నాను. రండక్కా, ఓ చెయ్యి వేద్దురుగాని అన్నాను. ఆవిడ దూరంగా గోడకి ఆనుకుని కూచుంది. ఒక పువ్వు దొర్లుకుంటూ తన వైపు వెళ్తే కాలు వెనక్కి తీసుకుంది.

"పిల్లకి కడుపు నిలవలేదండి" అంది.

మూడో నెలలో పోయిందట. బాపట్ల ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇలా చాలామందికి అవుతుంది, పిల్లకి ఏ లోపమూ లేదు, మళ్ళీ నిలుస్తుంది అని చెప్పిందట. నేనూ అదే చెప్పాను. ఆవిడ వినడం లేదు.

"నేను ముట్టుకున్నానండి. ముట్టుకోకూడనిది."

నాకు కోపం ముంచుకొచ్చింది. "పిచ్చి మాటలు మాట్లాడకండి అక్కా! డాక్టరు చెప్పింది వినరా? జడకీ కడుపుకీ సంబంధమేంటి? నేను నమ్మను ఇలాంటివి."

ఆవిడ గొంతు పెంచలేదు. "మీరు నమ్మకపోతే, ఆ రోజు అందరి ముందూ మీరే కుట్టినట్టు ఎందుకు చెప్పారండి?"

నేను దారం కింద పెట్టేశాను.

"మీరు నా పేరు చెప్తారేమోనని తలుపు దగ్గర నిలబడ్డానండి. చెప్తే చచ్చిపోతాననుకున్నాను. చెప్తే బాగుండుననీ అనుకున్నాను. మీరు చెప్పలేదు. ఇంత చదువుకున్నావిడ, ఏ పట్టింపూ లేనావిడ కూడా దాచిందంటే, అది దాచాల్సిందేగా అని అప్పుడే నాకు గట్టిపడిపోయింది."

క్లాసుకి ఇంక రానంది. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆ తోరణాలు ఎలా పూర్తిచేశానో నాకు గుర్తులేదు.

ఏడాది తిరిగాక పిల్ల మళ్ళీ నెల తప్పింది. ఈసారి నిలిచింది. మల్లెలు వచ్చేసరికి సీమంతం పెట్టుకున్నారు. ఒకరోజు బాపట్లలో క్లాసు అవగానే పెళ్ళికొడుకు తల్లి స్వయంగా వచ్చి, కాఫీ తాగి వెళ్దువుగాని రమ్మని వాళ్ళింటికి తీసుకెళ్ళింది.

"అమ్మాయ్, సీమంతానికి ఆ వరికంకి జడే కావాలి."

"అలాగే పిన్నిగారూ, పొద్దున్నే వచ్చి..."

"నువ్వు కాదు. మా వియ్యపురాలు కుట్టాలి."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. పెద్దావిడ నవ్వింది. "నాకు పెళ్ళికి ముందే తెలుసు. కోడలు నాతో చెప్పింది, మా అమ్మ కుడుతుంది అత్తయ్యా, మీకేమైనా పట్టింపా అని. నాకేం పట్టింపే, తల్లి కంటేనా అన్నాను. నాకు తెలుసని అమ్మకి చెప్పొద్దు, భయపడి మానేస్తుంది అంది. సరేనన్నాను."

"మరి ఆ రోజు ఎవరు కుట్టారని అందరిలో అడిగారు కదండీ?"

"ఎందుకడిగాననుకున్నావు? ఆవిడ తలుపు వెనక నిలబడి ఉంది, నాకు కనపడదా? ఎవరో ఒకరు ఆవిడ పేరు చెప్తే చెయ్యి పట్టుకుని పీటల దగ్గరికి తీసుకెళ్దామనుకున్నా. నువ్వేమో టకీమని నేనేనంటివి. మళ్ళీ అడిగినా నువ్వే అంటివి. పదిమందిలో నిన్ను అబద్ధాలకోరుని చెయ్యనా? ఆవిడకే ఇష్టం లేదేమోలే అని ఊరుకున్నా."

నేల బీటలిచ్చి నన్ను మింగేస్తే బాగుండు అనిపించింది. చెప్పడానికి సిగ్గేసినా చెప్పాను, తన చెయ్యి పడబట్టే మొదటి కడుపు పోయిందని ఆవిడ కుమిలిపోతోందని. పెద్దావిడ రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "అయ్యో రాత! మాకు ఒక్క ముక్క తెలీదే! వెళ్ళు, వెంటనే వెళ్ళి చెప్పు. నువ్వే చెప్పాలి."

మర్నాడే రేపల్లె వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. కష్టం తీరిపోయిందనే అనుకున్నాను, ఆవిడ ఏడుస్తుంది, తర్వాత నవ్వుతుంది, సూది పట్టుకుంటుంది అని. అంతా చెప్పి, "తప్పు నాదక్కా. ఆ రోజు మీ పేరు చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. నన్ను క్షమించండి" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మా వదినగారు దేవతండి. నా పిల్ల అదృష్టం" అంది.

"అయితే వచ్చి కుడతారుగా?"

"జడ మీరే కుట్టండి."

బతిమాలాను. కోప్పడ్డాను. ఆవిడ కదల్లేదు. "వదినగారు ఒప్పుకున్నారు సరే, ఆ రోజు నేను ఒప్పుకున్నానా టీచరుగారూ? ఒక్కొక్క మొగ్గా భయపడుతూ గుచ్చాను. భయపడిందే జరిగింది. ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదండి."

సీమంతం నాడు జడ నేను కుట్టాను. ఆవిడ వచ్చింది, వరండాలో కూచుంది. పెద్దావిడ చివరి మొగ్గ గుచ్చకుండా ఆపించి, అందరి ముందూ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. "ఈ ఒక్కటీ నువ్వు పెట్టు వదినా. పెళ్ళిజడ కుట్టింది ఈవిడేనమ్మా, అందరూ వినండి" అంది. ఎవరూ ముఖం చిట్లించలేదు. ఒక ముసలావిడైతే, ఎంత పనిమంతురాలమ్మా అంది. పిల్ల కూడా వెనక్కి తిరిగి, "పెట్టమ్మా" అంది. ఆవిడ రెండు చేతులూ కొంగులోకి లాక్కుంది. "చేతులు తడిగా ఉన్నాయి వదినగారూ" అని నవ్వింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంక ఆలస్యం చేయకూడదని ఎవరో అంటే, ఆ మొగ్గ కూడా నేనే గుచ్చాను.

వానలు మొదలయ్యాక రేపల్లెలో, పుట్టింట్లోనే కాన్పయింది. మగపిల్లాడు. చూడ్డానికి వెళ్ళేసరికి ఆవిడ పీట మీద కూచుని, కాళ్ళు చాపుకుని, మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రుద్దుతోంది. వాడు బొద్దుగా ఉన్నాడు, ఊరంతా వినబడేట్టు ఏడుస్తున్నాడు. ఆవిడ వాడి వీపు, చేతులు, అరికాళ్ళు, ఒక్కచోటు వదలకుండా రుద్దుతూ, వాడితో ఏవేవో కబుర్లు చెబుతోంది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

నన్ను చూడగానే ముఖం ఇంత చేసుకుంది. "చూశారా టీచరుగారూ! ఈసారి నేను ముట్టుకోలేదు. ఎంత బాగున్నాడో చూడండి!"

పిల్ల మంచం మీద నుంచి నా వైపు చూసింది. ఏమైనా అనండి అన్నట్టు. ఇంత పెద్ద నోరు, ఆ సంతోషం ముందు ఏమంటుంది?

"అవునక్కా, చాలా బాగున్నాడు" అన్నాను.